గెలుపు మాట ఎత్తకుండానే పదిసార్లు గెలిపించిన కోచ్, మా సిమెంట్ కోర్టు

జూనియర్ కాలేజీలో కొత్తగా పీడీగా (ఫిజికల్ డైరెక్టర్) చేరాను, వచ్చే నెల నుంచి బాస్కెట్‌బాల్ టీమ్ నా చేతికి వస్తోంది, అమెరికన్ బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ వుడెన్ పద్ధతులు మన పిల్లల దగ్గర పనిచేస్తాయా అని అడిగారు కదా. నేను హైస్కూల్లో పీఈటీని, పదకొండేళ్ళుగా ఆడపిల్లల టీమ్‌ని చూసుకుంటున్నా. పనిచేస్తాయండి. కాకపోతే ఆయన పేరు మీద వాట్సాప్‌లో తిరిగే కొటేషన్లు మనకి ఎందుకూ పనికిరావు, ఆయన రోజూ ప్రాక్టీస్‌లో ఏం చేసేవారో అది పనికొస్తుంది.

ఆయనెవరో తెలియనివాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి కొంచెం చెప్తా. వుడెన్ 1910లో అమెరికాలోని ఇండియానాలో పుట్టారు, కరెంటు కూడా లేని వ్యవసాయ కుటుంబం. పర్డ్యూ యూనివర్సిటీకి బాస్కెట్‌బాల్ ఆడి పెద్ద పేరు తెచ్చుకుని, తర్వాత హైస్కూల్లో ఇంగ్లీష్ పాఠాలు చెప్తూ కోచింగ్ చేశారు. 1948లో లాస్ ఏంజెల్స్‌లోని యూసీఎల్ఏ అనే యూనివర్సిటీకి కోచ్‌గా వచ్చి 1975 దాకా అక్కడే ఉన్నారు. ఆఖరి 12 ఏళ్ళలో 10 నేషనల్ కాలేజీ ఛాంపియన్‌షిప్‌లు, అందులో ఏడు వరసగా. 1971 నుంచి 1974 మధ్య ఒక్కటి కూడా ఓడకుండా 88 మ్యాచ్‌లు.

ఈ లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి గానీ నన్ను పట్టుకున్నది వేరే ఉంది. మొదటి ఛాంపియన్‌షిప్ వచ్చింది 1964లో, అంటే యూసీఎల్ఏలో ఆయనకి 16వ సీజన్! అప్పటిదాకా వాళ్ళకి సరైన కోర్టు కూడా లేదు, పాత జిమ్‌లో ఒకపక్క రెజ్లింగ్ వాళ్ళు ఇంకోపక్క జిమ్నాస్టిక్స్ వాళ్ళు ప్రాక్టీస్ చేస్తుంటే మధ్యలో వీళ్ళు, ప్రాక్టీస్‌కి ముందు దుమ్ము పోవడానికి వుడెన్ గారే మాప్ పట్టుకుని ఫ్లోర్ తుడిచేవారట. మా స్కూల్లో కబడ్డీ వాళ్ళకీ మాకూ ఒకటే గ్రౌండ్, వాన పడితే రింగు కింద నీళ్ళు నిలబడతాయి, చీపురు పుల్లలతో ఆ నీళ్ళు తోస్తున్న ప్రతిసారీ నాకు ఆయనే గుర్తొస్తారు.

ఇక సాక్సుల సంగతి. ప్రతి సీజన్ మొదటి రోజు ఆయన చెప్పిన మొదటి పాఠం సాక్సులు ఎలా వేసుకోవాలి, లేసులు ఎలా కట్టుకోవాలి అని. ఎదురుగా కూర్చున్నది చిన్నపిల్లలు కాదు, తర్వాత్తర్వాత కరీమ్ అబ్దుల్ జబ్బార్, బిల్ వాల్టన్ లాంటి పెద్ద స్టార్లు అయినవాళ్ళు. సాక్సులో మడత ఉంటే బొబ్బ వస్తుంది, బొబ్బ వస్తే ప్రాక్టీస్ పోతుంది, అదీ ఆయన లెక్క. నేను దీన్ని మంచి కథ అనుకుని వదిలేశా, నా టీమ్‌లో తొమ్మిదో క్లాస్ అమ్మాయి మండల స్థాయి మ్యాచ్‌లో సెకండ్ హాఫ్‌లో కుంటడం మొదలుపెట్టేదాకా. ఏమ్మా అంటే ఏం లేదు సార్ అంటుంది. షూ విప్పించి చూస్తే మడమ వెనక రూపాయి బిళ్ళంత బొబ్బ చితికి సాక్సుకి అంటుకుపోయి ఉంది. ఆ షూస్ వాళ్ళక్కవి, రెండు సైజులు పెద్దవి, లోపల వదులవుతోందని రెండు జతల సాక్సులు వేసుకొచ్చింది, నాకు చెప్తే టీమ్‌లోంచి తీసేస్తానని భయం. ఆ పాపకి నొప్పి ఉందని కూడా చూసుకోకుండా నేను అప్పటిదాకా పరిగెత్తు పరిగెత్తు అని అరుస్తూనే ఉన్నా. తప్పు పూర్తిగా నాది. ఆ రోజు నుంచి మొదటి క్లాస్ సాక్సులే, వేళ్ళ దగ్గర మొదలుపెట్టి మడమ దాకా చేత్తో రాస్తూ మడత లేకుండా చూసుకోవడం, ప్రతి పిల్లా నా ముందు చేసి చూపించాలి.

రెండోది ఇంకా ముఖ్యం. వుడెన్ ఆఖరి సీజన్‌లో థార్ప్, గాలిమోర్ అని ఇద్దరు సైకాలజిస్టులు ఆయన ప్రాక్టీసులు 15 కూర్చుని చూసి, నేర్పడంలో ఆయన అన్నదీ చేసిందీ ప్రతిదీ రాసుకున్నారు. అలాంటివి 2,326 లెక్క తేలాయి. అందులో ఉత్త మెచ్చుకోలు 7 శాతం కూడా లేదు, ఉత్త మందలింపు కూడా దాదాపు అంతే. మిగతాది అత్యధికంగా ఏం చెయ్యాలి, ఎలా చెయ్యాలి అని చెప్పడమే. ఎవరైనా తప్పు చేస్తే ముందు కరెక్ట్‌గా ఎలాగో చేసి చూపించి, నువ్వు చేసింది ఇదీ అని చూపించి, మళ్ళీ కరెక్ట్‌ది చూపించేవారు, మొత్తం కొన్ని సెకన్లలో అయిపోయేది.

ఇది చదివాక నేను ఒక పని చేశా. కాలు బెణికి బయట కూర్చున్న అమ్మాయికి నోట్‌బుక్ ఇచ్చి, సార్ తిడితే ఒక గీత, మెచ్చుకుంటే ఒక గీత, ఎలా చెయ్యాలో చెప్తే ఒక గీత గియ్యమన్నా. గంట తర్వాత పుస్తకం ఇవ్వడానికి ఆ పిల్ల మొహమాటపడుతోంది. తిట్ల కింద గీతలు పేజీ దాటి రెండో పేజీలోకి వెళ్ళాయి, చెప్పడం కింద రెండు వరసలు. ఎనిమిదేళ్ళు నేను గొంతు చించుకోవడమే కోచింగ్ అనుకున్నా. ఇప్పుడు లేఅప్‌లో (రింగు దగ్గరికి పరిగెత్తి ఎగిరి బాల్ వెయ్యడం) కుడిచేతి వాళ్ళు ఆఖరి అడుగు కుడికాలి మీద ఎగిరితే "ఎన్నిసార్లు చెప్పాలే నీకు" అనను, ఎడమకాలు, నీ కుడికాలు, మళ్ళీ ఎడమకాలు అని చూపిస్తా. పిల్లలు ఎంత తొందరగా పట్టుకుంటున్నారో చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వుడెన్ ఆటగాళ్ళతో గెలుపు గురించి మాట్లాడేవారు కాదు కదా, అదెలాగని కూడా అడిగారు. ఆయన లెక్కలో సక్సెస్ అంటే నాకు చేతనైనంత నేను చేశాను అని లోపల తెలిసినప్పుడు వచ్చే ప్రశాంతత, స్కోర్‌బోర్డు కాదు. అలాగని ఆయన మెతక మనిషి కాదు, ప్రాక్టీస్ నిమిషాల లెక్కన కార్డు మీద రాసుకుని వచ్చేవారు, టైమ్ అంటే టైమే. టీమ్‌లో గడ్డం కూడదన్నది ఆయన రూల్ అయితే, గడ్డం తీయను, అది నా హక్కు అన్నాడట వాల్టన్, దేశంలోనే పెద్ద స్టార్ అప్పటికి. నీ నమ్మకాన్ని గౌరవిస్తాను, నువ్వు లేకపోతే మాకు వెలితిగా ఉంటుంది అన్నారట వుడెన్. వాల్టన్ పరిగెత్తుకెళ్ళి గీసుకొచ్చాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం యూసీఎల్ఏ కంటే ముందుది. 1947లో వుడెన్ కోచ్‌గా ఉన్న ఇండియానా స్టేట్ అనే కాలేజీ టీమ్‌ని ఒక నేషనల్ టోర్నమెంట్‌కి పిలిచారు, నల్లజాతి ఆటగాళ్ళకి మాత్రం అందులో ప్రవేశం లేదు. టీమ్‌లో క్లారెన్స్ వాకర్ అనే కుర్రాడున్నాడు, స్టార్ ప్లేయర్ ఏం కాదు. అతను లేకుండా వెళ్ళనని వుడెన్ ఆ పిలుపే వద్దన్నారు. మరుసటేడు రూల్ మారింది, వాకర్‌తో కలిసి వెళ్ళి ఫైనల్లో ఓడిపోయారు. మన దగ్గర సెలక్షన్ల టైంలో ఎవరి ఫోన్లు ఎలా వస్తాయో మీకూ తెలుస్తుంది, అప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

ఆయన్ని దేవుణ్ని మాత్రం చెయ్యొద్దు. సామ్ గిల్బర్ట్ అనే డబ్బున్న అభిమాని యూసీఎల్ఏ ఆటగాళ్ళకి రూల్స్ దాటి సాయాలు చేసేవాడు, వుడెన్ రిటైరయ్యాక 1981లో యూసీఎల్ఏ మీద చర్యలు కూడా తీసుకున్నారు. తన టైంలోనే ఆయన ఇంకా గట్టిగా పట్టించుకోవాల్సిందని నా అభిప్రాయం. పిల్లలకి ఎవరు ఏం కొనిపెడుతున్నారో కోచ్‌కి తెలిసుండాలి.

మీ టీమ్ వచ్చే నెల మొదలవుతుంది కాబట్టి మొదటి రోజు బాల్ బయటికి తియ్యకండి. అందర్నీ కూర్చోబెట్టి షూస్ విప్పించండి. సాక్సుల్లేని పిల్లలు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు, అడిగితే ఇంట్లో మర్చిపోయాం సార్ అంటారు, ముందే నాలుగైదు జతలు కొని బ్యాగులో పెట్టుకుని వెళ్ళండి.