ఫాలోవర్లు తగ్గుతున్నారని నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 28. మాది రాజోలు దగ్గర పల్లె. మా వారు కువైట్‌లో పనిచేస్తారు. అత్తయ్యతో, ఐదేళ్ల బాబుతో ఇక్కడ ఉంటున్నాను. కోనసీమ వంటలు, పండగలు చూపిస్తూ ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ నడుపుతున్నాను. కనుమనాటి ప్రభల తీర్థం వీడియోతో ఫాలోవర్లు 18 వేలు దాటారు. ఆ తర్వాత రోజూ కొందరు తగ్గుతున్నారు. ఎవరు వెళ్లిపోయారో చెప్పే యాప్ వేసుకుంటే అందులో మా వదిన పేరు కనిపించింది. ఆవిడతో మాట్లాడటం మానేశాను. అర్ధరాత్రి లేచి లెక్క చూసుకుంటున్నాను. గుండె దడ, నిద్రలేమి. నేనెందుకూ పనికిరానేమో అనిపిస్తోంది. నిద్రమాత్రలు వాడవచ్చా? - ఒక సోదరి

జవాబు: అమ్మా, నిద్రమాత్రల సంగతి ముందే చెబుతాను. మందుల షాపులో అడిగి తెచ్చుకుని వేసుకోవద్దు. వాటిలో కొన్ని త్వరగా అలవాటవుతాయి, మానేటప్పుడు ఆందోళన ఇంకా పెరుగుతుంది. మీకు ఇప్పుడు అవసరమైన మొదటి వైద్యం ఆ యాప్‌ను తీసేయడం. వారం తర్వాత కాదు, ఈ రోజే.

ఎవరు అన్‌ఫాలో చేశారో ఇన్‌స్టాగ్రామ్ మనకు తెలియజేయదు. ఇలాంటి యాప్‌లు నిన్నటి జాబితాను ఈ రోజు జాబితాతో పోల్చి, కనిపించని పేర్లను మీ ముందు పెడతాయి. ఆ పేరు ఎందుకు కనిపించడం లేదో వాటికి తెలియదు. ఖాతాను కొంతకాలం ఆపేసుకున్నవారూ, పూర్తిగా మూసేసినవారూ, కంపెనీ తొలగించిన దొంగ ఖాతాలూ అన్నీ ఒకే వరుసలో చేరతాయి. 2014 డిసెంబరులో ఇన్‌స్టాగ్రామ్ దొంగ ఖాతాలను పెద్దఎత్తున తీసేసినప్పుడు ప్రపంచ ప్రసిద్ధులకే లక్షల్లో ఫాలోవర్లు తగ్గారు. ఆ ఏరివేత ఇప్పటికీ సాగుతూనే ఉంది. పైగా ఆ యాప్‌కు మీ పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే పేజీ మొత్తం పరాయివాళ్ల చేతిలో పడే ప్రమాదం ఉంది. యాప్ తీసేశాక పాస్‌వర్డ్ మార్చండి, లాగిన్‌కు రెండంచెల భద్రత (పాస్‌వర్డ్‌తో పాటు ఒక కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకోండి.

ఇక తగ్గుదల సంగతి. మీ పేజీకి జనం ఎప్పుడు వచ్చారో మీరే రాశారు, సంక్రాంతికి. హైదరాబాద్‌లో, బెంగళూరులో, గల్ఫ్‌లో ఉండి పండగకు ఊరు రాలేకపోయినవాళ్లు మన కోనసీమలోని జగ్గన్నతోట తీర్థం ప్రభలను ఫోనులోనైనా చూసుకోవాలనుకుంటారు. పండగ సందడి తగ్గాక వారిలో కొందరు వెళ్లిపోతారు. గోదావరికి ఎర్రనీరు వచ్చి పులస చేపల కాలం మొదలైతే మళ్లీ అలాంటివాళ్లే కొత్తగా వస్తారు. వచ్చిపోయే ఈ జనాన్ని మీ వంటకూ మీ మనిషితనానికీ వేసిన మార్కులుగా చూడకండి.

ఇంత తెలిసినా మనసు ఊరుకోదు, దానికి కారణం ఉంది. సంపాదించినదాని సంతోషం కన్నా పోగొట్టుకున్నదాని బాధ మనిషికి ఎక్కువగా తగులుతుందని కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే వివరించారు. వందమంది వచ్చిన రోజును మరిచిపోయి, పదిమంది పోయిన రోజునే తలుచుకోవడం మీ ఒక్కరి బలహీనత కాదు. దానికి తోడు, చూసిన ప్రతిసారీ అంకె ఒకేలా ఉండదు. ఒకసారి పెరుగుతుంది, ఒకసారి తగ్గుతుంది. ఎప్పుడు ఏది కనిపిస్తుందో తెలియకపోవడమే చేతిని పదేపదే ఫోను వైపు లాగుతుంది. మానుతున్న పుండును గోకుతూ ఉంటే ఏమవుతుందో, అర్ధరాత్రి ఆ లెక్క చూడటం వల్ల మనసుకూ అదే అవుతుంది.

కాబట్టి రాత్రి భోజనం అయ్యాక ఫోను మీ మంచం దగ్గర ఉండకూడదు. మీ వారి ఫోను వస్తుందని భయమైతే రింగు వినిపించేలా పెట్టి ముందు గదిలో ఉంచండి. లేదా రాత్రివేళ కాల్స్ అత్తయ్య గారి ఫోనుకు చేయమని ఆయనకు చెప్పండి. మధ్యరాత్రి మెలకువ వచ్చి ఎంతకూ నిద్ర పట్టకపోతే పడుకుని పొర్లవద్దు. లేచి కూర్చుని, కళ్లు మూతపడుతున్నప్పుడే మళ్లీ పక్క ఎక్కండి. రాత్రి ఎలా గడిచినా ఉదయం ఒకే సమయానికి లేవండి, పగటి నిద్ర వద్దు. మధ్యాహ్నం దాటాక టీ, కాఫీ మానేయండి. మొదటి నాలుగైదు రోజులు ఫోను కోసం చేయి తహతహలాడుతుంది. అది తగ్గుతుంది, ఓపిక పట్టండి.

పేజీ మానేయమని నేను చెప్పను. మీ వారు దూరాన ఉండగా, ఇంటిపనుల మధ్య మీరు సొంతంగా నిలబెట్టుకున్న పని అది. దాని మీద నాకు గౌరవం ఉంది. ప్రొఫెషనల్ ఖాతాగా మార్చుకుంటే వారంలో ఎంతమంది చేరారో, ఎంతమంది వెళ్లారో ఇన్‌స్టాగ్రామే పేర్లు లేకుండా చూపిస్తుంది. దాన్ని వారానికి ఒకసారి, అదీ పగటిపూట చూడండి. ఏ వీడియోను జనం దాచుకున్నారో, ఎవరికైనా పంపుకున్నారో అక్కడే తెలుస్తుంది. తర్వాత ఏ వంట చేయాలో నిర్ణయించుకోవడానికి ఆ వివరమే ఎక్కువ ఉపయోగం.

నాకు ఎక్కువ బాధ కలిగించింది మీ వదిన గారి విషయం. ఆవిడ ఖాతా ఆపేసుకున్నారేమో, పొరపాటున వేలు తగిలిందేమో, నిజంగానే అన్‌ఫాలో చేశారేమో. ఏదైనా సరే, ఒక యాప్ చెప్పిన మాట మీద ఇంటి మనిషితో మాట మానేయడం మీకే నష్టం. భర్త దగ్గర లేనప్పుడు బాబుకు రాత్రి జ్వరం వస్తే ఆటో పిలిచి తోడు వచ్చేది వదినలూ, తోడికోడళ్లే. ఫాలో ఊసు ఎత్తకుండా మామూలుగా ఫోను చేసి, వాళ్లింటి బాగోగులు అడగండి. మీకు నిద్ర పట్టడం లేదన్న సంగతి కూడా చెప్పండి. మీ వారితోనూ దాచవద్దు.

గుండె దడకు ఆందోళన ఒక్కటే కారణం అనుకోవడానికి వీల్లేదు. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం కూడా దడ పుట్టిస్తాయి, రెండూ ఆడవారిలో తరచుగా చూస్తాం. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తహీనతకు హిమోగ్లోబిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ పరీక్షలు చేయించుకోండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే ఆలస్యం చేయకుండా వెళ్లాలి.

ఎందుకూ పనికిరానేమో అన్న మాటను నేను తేలికగా తీసుకోవడం లేదు. యాప్ తీసేశాక కూడా రెండు వారాల పాటు రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉంటే, వంట మీదా బాబు ఆటల మీదా ఆసక్తి పోతే, తిండి సహించకపోతే అది డిప్రెషన్ కావచ్చు. దానికి మంచి చికిత్స ఉంది. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, వదిన గారినో అత్తయ్య గారినో తోడు తీసుకుని వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగవద్దు. వెంటనే ఇంట్లో చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. పగలైనా రాత్రైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.