నా కంగారే పాపకి అంటుకుంటోందా? దాచుకుంటే సరిపోతుందా?

నాలుగేళ్ల పాప ఎల్‌కేజీ గేటు దగ్గర కాళ్ళు చుట్టేసుకుని ఏడుస్తోంది, నాకూ గుండె దడే, పైకి నవ్వుతూ దాచేస్తున్నా తగ్గట్లేదు, తప్పు నాదేనా అని అడిగారు.

తప్పు అనుకోకండి. కొందరు పిల్లలు పుట్టుకతోనే బెదురు. కాకపోతే భయపడాలో వద్దో తేలనప్పుడు పిల్లలు ముందు అమ్మ ముఖమే చూస్తారు. 1985లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఏడాది పిల్లల్ని గాజు బల్ల మీద వదిలారు, గాజు కింద కాస్త లోతు కనిపిస్తుంది. అవతల తల్లి నవ్వితే 19 మందిలో 14 మంది దాటారు. భయం ముఖం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు.

అలాగని నవ్వు అతికించుకుంటే సరిపోదు. ముఖం నవ్వుతున్నా చెయ్యి బిగుసుకుంటుంది, మాట వేగం పెరుగుతుంది. అమ్మ చెప్పకుండా దాస్తున్నదేదో ఉందని పాపకి అనిపిస్తుంది. కంగారుని దాచడం కాదు, దించుకోవాలి.

గేటు దాకా వెళ్ళకముందే, వీధి మలుపులో ఆగండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఆరుసార్లు చేస్తే నిమిషం పడుతుంది. పాప చూస్తే మంచిదే, "అమ్మకి కొంచెం కంగారుగా ఉంది, ఇలా తగ్గించుకుంటున్నా" అని చెప్పండి. అంతకు మించి మీ బాధ చెప్పొద్దు, మిమ్మల్ని ఓదార్చే పని పాపకి పడకూడదు. "తట్టుకోలేదేమో" అన్న ఆలోచన వస్తే "ఏడుస్తుంది, కాసేపటికి ఆగుతుంది" అని మార్చుకోండి.

గేటు దగ్గర, "భయంగా ఉంది కదూ. అయినా వెళ్ళగలవు. అన్నం తిన్నాక వస్తా." ఒక కౌగిలి, అంతే. వెనక్కి తిరిగి కిటికీలోంచి చూడొద్దు. చెప్పిన వేళకి మాత్రం తప్పకుండా రండి.

చాలామంది తల్లులు జారిపోయేది మూడో రోజో నాలుగో రోజో. ఏడుపు చూడలేక ఇంటికి తెచ్చేస్తారు. ఇద్దరికీ హాయిగానే ఉంటుంది, కానీ ఏడిస్తే తప్పించుకోవచ్చని పాప, తెచ్చేస్తే నెమ్మదిస్తుందని మీరు, ఇద్దరూ నేర్చుకుంటారు. మర్నాడు పట్టు ఇంకా పెరుగుతుంది. నాన్నమ్మ కూడా ఇదే మాట మీద నిలబడాలి.

విశాఖ ఆర్కే బీచ్‌లో కెరటాలకి బెదిరినా అంతే. పాపకి బాగున్నంత దూరంలోనే నిలబడి, వారానికి నాలుగడుగులు ముందుకి వెయ్యండి, తడి ఇసుక దాకా చాలు. అక్కడ నీళ్ళ లాగుడు నిజంగానే ప్రమాదం.

ఓపిక పోయి అరిచారా? చల్లబడ్డాక "గట్టిగా అరిచాను, నీ తప్పు కాదు" అనండి.

నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే, పొద్దున్నే కడుపునొప్పి, నిద్రలేమి ఉంటే పిల్లల డాక్టరుకి చూపించండి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మీకే గుండె దడ ఆగకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్యండి, ఉచితం, రాత్రయినా పలుకుతారు.