అన్నా, ముందు యూహెచ్‌సీ ఫిల్టర్ ఒక్కటి తీసుకో

అనంతపురంలో మిద్దె మీంచి 8 అంగుళాల డాబ్ టెలిస్కోప్‌తో చూస్తే లాగూన్ నెబ్యులా (ఆకాశంలో మెరిసే వాయువుల మబ్బు) బూడిద మరక మాదిరి ఉందన్నావు, యూహెచ్‌సీ, ఓ-త్రీ, హెచ్-బీటా ఫిల్టర్లు (కొన్ని రంగుల వెలుగునే రానిచ్చే గాజులు) మూడూ కొనాల్నా అని అడిగినావు. వద్దన్నా, ఇప్పటికి యూహెచ్‌సీ చాలు.

ఫిల్టర్ వేస్తే నెబ్యులా వెలుగు పెరగదు, వెనకున్న ఆకాశం నల్లబడుతుంది, అందుకే నెబ్యులా తేలి కనపడతాది. నెబ్యులాలోని ఆక్సిజన్ 496, 501 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, హైడ్రోజన్ 486 దగ్గర మెరుస్తాయి, యూహెచ్‌సీ ఆ మూడింటినీ రానిచ్చి మిగతాది చాలావరకు ఆపేస్తాది. పాత సోడియం లైట్ల పసుపు వెలుగు 589 దగ్గర కాబట్టి సులభంగా ఆగిపోయేది, ఇప్పుడు వీధుల్లో పెట్టే తెల్ల ఎల్ఈడీల్లో అన్ని రంగులూ ఉంటాయి కదా, కొంత లోపలికి వచ్చేస్తాది, దానికేం చేయలేం.

ఆక్సిజన్ వెలుగును మాత్రమే రానిచ్చే ఓ-త్రీ తర్వాత కొనుక్కో. గండికోట దగ్గర చీకట్లో వీల్ నెబ్యులాకు అది పెట్టి చూసినా, సన్నని దారాల మాదిరి అట్లా సాగి కనపడింది, తీస్తే దాదాపు మాయం, ఆ రాత్రి నిద్రపోబుద్ధి కాలేదు నాకు. హైడ్రోజన్ 486 వెలుగును మాత్రమే రానిచ్చే హెచ్-బీటా హార్స్‌హెడ్, కాలిఫోర్నియా లాంటి కొన్ని నెబ్యులాలకే, నీకిప్పుడు దండగ.

గెలాక్సీలకు, కృత్తికల చుట్టూ ఉండే మబ్బుకు ఇవి పనికిరావు, అవి నక్షత్రాల వెలుగే, అందులో అన్ని రంగులూ ఉంటాయి.

ఇంకోటి, 10 ఎంఎం ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెట్టొద్దు, 25 ఎంఎం పెట్టు. తలమీద నల్లగుడ్డ కప్పుకొని అరగంట కళ్లకు చీకటి అలవాటు చేసి అప్పుడు చూడు.