డైపర్ల ఖర్చు కోసం జీతం వదులుకోవాలా?

ప్రశ్న: మా పాపకు రెండున్నరేళ్లు. పాటీ మీద కూర్చోబెడితే ఏడ్చి లేచిపోతోంది. రోజుకు 5 డైపర్లు వాడుతున్నాం, ఒక్కోటి 12 రూపాయలు. నా జీతం 32,000. ఒక నెల జీతం లేని సెలవు పెట్టి అలవాటు చేయిస్తే ఈ ఖర్చు తప్పుతుందా? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీరు చెప్పిన లెక్క ప్రకారం నెలకు డైపర్లకు అవుతున్నది 1,800 రూపాయలు. వదులుకోవాలనుకుంటున్న 32,000తో దాదాపు పద్దెనిమిది నెలల డైపర్లు వస్తాయి, పైగా ఆ నెల పీఎఫ్ కూడా జమ కాదు. ఇంతా చేసి పాప ఆ నెలలోనే అలవాటు పడుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. చాలామంది పిల్లలు ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్యలో సిద్ధమవుతారు. బలవంతపెడితే కొందరు మలాన్ని బిగబట్టుకుని మలబద్ధకం తెచ్చుకుంటారని, దాంతో అలవాటు మరింత ఆలస్యమవుతుందని పిల్లల వైద్యులు చెబుతారు. కాబట్టి సెలవు ఆలోచన మానుకోండి. వరుసగా మూడు నాలుగు రోజులు కలిసొచ్చే పండగ సెలవులు, జీతంతో కూడిన సెలవులు ఈ పనికి చాలు.

పాటలు పాడే ఖరీదైన పాటీ కుర్చీ కూడా అవసరం లేదు. పాదాలు నేలకు ఆనేలా ఉండే మామూలు ప్లాస్టిక్‌ది సరిపోతుంది. పెద్ద ప్యాకులో ఒక్కో డైపరు చౌకగా పడుతుందన్నది నిజమే కానీ, ఈ వయసులో మూడు నెలల సరుకు ఒకేసారి కొనకండి, సైజు మారినా అలవాటు కుదిరినా అవి మిగిలిపోతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి పిల్లల డైపర్లపై జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కనుక, పాత ధరే చెల్లిస్తున్నారేమో కూడా ఒకసారి చూసుకోండి.

ఖర్చు ఒక్కసారిగా సున్నా కాదు. పగలు మానేసిన పిల్లలకు కూడా రాత్రిపూట ఒకటి చాలాకాలం కావాల్సి రావచ్చు. అంటే ముందుగా మిగిలేది పగటి నాలుగింటి ఖర్చు, నెలకు 1,440. ఇది చిల్లర ఖర్చుల్లో కలిసిపోకముందే నెలనెలా 1,400 కట్టేలా పోస్టాఫీసులో ఐదేళ్ల రికరింగ్ డిపాజిట్ తెరిస్తే, 6.7 శాతం వడ్డీ లెక్కన చివరికి సుమారు లక్ష రూపాయలు చేతికొస్తాయి. అయితే పగటి డైపర్లు ఒకటి రెండు నెలలు పూర్తిగా ఆగాకే ఖాతా తెరవండి, ఎందుకంటే వాయిదా తప్పితే ప్రతి 100 రూపాయలకు 1 రూపాయి చొప్పున రుసుము పడుతుంది.