దీవికి ఎగిరే ముందు నేల మీదే తేల్చుకోవాల్సినవి

చిరంజీవి చిన్నికి,

పెదనాన్న ఆశీస్సులు. నీకు ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. ఇంకో మాట కూడా చెప్పాడు. వచ్చే నెలలో నాలుగు సీట్ల చిన్న విమానం సెస్నా 172 అద్దెకు తీసుకుని, ముగ్గురు స్నేహితుల్ని ఎక్కించుకుని, ఫ్లోరిడా నుంచి బహామాస్‌లోని బిమినీ దీవికి వెళ్లి ఆదివారం సాయంత్రానికి తిరిగి రావాలనుకుంటున్నావట. వద్దని చెప్పడానికి రాయడం లేదు. కొత్త లైసెన్స్ చేతిలో ఉన్నప్పుడు సముద్రం మీద ఎగరాలనిపించడం సహజం. వెళ్లు. కానీ వెళ్లే ముందు ఈ ఉత్తరం నిదానంగా చదువు.

ఎగరడం నేర్పినన్నాళ్లూ ప్రమాదాల దర్యాప్తు రిపోర్టులు చదువుతూనే ఉన్నాను. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. దీవుల చుట్టుపక్కల నీళ్లలో పడిన చిన్న విమానాల రిపోర్టుల్లో ఒక సంగతి పదే పదే కనబడుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఆ ప్రమాదానికి కారణం అక్కడ తయారుగా ఉంది. టైమ్‌లోనో, బరువులోనో, పాత రెక్కలోనో ఉంది. గాల్లోకి లేచాక పైలట్‌కి మిగిలిన దారులు చాలా తక్కువ. అందుకే నీకు చెప్పేవన్నీ రన్‌వే మీదకు రాకముందు చేయాల్సిన పనులే.

మొదట వెలుగు సంగతి. దీని గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నీలాంటి కొత్త పైలట్లను ఎక్కువగా దెబ్బతీసేది ఇదే.

1999 జులై 16న అమెరికా మాజీ అధ్యక్షుడు కెనెడీ కొడుకు జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ తన చిన్న విమానం పైపర్ సారటోగాలో భార్యను, ఆమె అక్కను ఎక్కించుకుని న్యూజెర్సీ నుంచి మార్థాస్ వినియర్డ్ దీవికి బయల్దేరాడు. పగటి వెలుగులోనే వెళ్లాల్సిన ప్రయాణం ఆలస్యమైంది. విమానం లేచేసరికి రాత్రి 8:38 అయింది, అప్పటికే పొద్దుగూకింది. గాలి నిండా మసక. తీరం వెంట వెళ్లినంతసేపూ కింద ఊళ్ల దీపాలు కనిపించాయి. చివర్లో తీరం వదిలి నీళ్ల మీదకు వెళ్లాక ఆ ఆధారం పోయింది. ఆ రాత్రి అదే ప్రాంతంలో ఎగిరిన మరికొందరు పైలట్లు కూడా నీళ్ల మీద క్షితిజరేఖ కనబడలేదని చెప్పారు. రాడార్ రికార్డు ప్రకారం విమానం కుడివైపు తిరుగుతూ కిందికి దిగింది. చివరి క్షణాల్లో నిమిషానికి 4,700 అడుగులకు మించిన వేగంతో పడిపోయింది. ప్రమాదంలో ఉన్నామని రేడియోలో ఒక్క మాట రాలేదు. ఇంజిన్‌లో లోపం ఏదీ దొరకలేదు. ముగ్గురూ పోయారు.

చీకట్లో, నీళ్ల మీదుగా కిందికి దిగేటప్పుడు పైలట్ స్పేషియల్ డిసోరియంటేషన్‌కి, అంటే విమానం ఎటు వంగుతోందో తెలియని అయోమయానికి లోనై అదుపు కోల్పోయాడని అమెరికా రవాణా భద్రతా బోర్డు తేల్చింది. క్లాసులో నువ్వు చదివే ఉంటావు. చిన్నప్పుడు గిరగిరా తిరిగి ఒక్కసారి ఆగితే ఇల్లంతా తిరుగుతున్నట్టు అనిపించేది చూడు, లోపలి చెవి చేసే మోసం అదే. తేడా ఏమిటంటే, విమానంలో వంపు నెమ్మదిగా మొదలైతే చెవికి అసలు తెలియదు. నిటారుగానే ఉన్నాననుకుంటూ పైలట్ గిరికీలు కొడుతూ కిందికి దిగే స్పైరల్‌లోకి జారిపోతాడు. 1954లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ, అంటే బయటికి చూడకుండా పరికరాలను మాత్రమే చూసి ఎగిరే శిక్షణ లేని 20 మందితో ఒక ప్రయోగం చేశారు. బయటి ఆధారం లేకుండా చేస్తే, అదుపు తప్పడానికి సగటున 178 సెకన్లు పట్టింది. మూడు నిమిషాలు కూడా కాదు.

కెనెడీకి అప్పటికి సుమారు 310 గంటల అనుభవం ఉంది. నీకున్నదానికంటే చాలా ఎక్కువ. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ మాత్రం లేదు. ఆ రోజు తోడు వస్తానని ఒక ఇన్‌స్ట్రక్టర్ అడిగితే, ఒంటరిగానే వెళ్తానన్నాడని రిపోర్టులో ఉంది. నిబంధనల ప్రకారం ఆ రాత్రి ఆయన ఎగరడం తప్పు కాదు. విజిబిలిటీ కాగితం మీద సరిపోయింది. నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. రూల్ ఒప్పుకుంది కదా అని మన కళ్లు, చెవులు ఒప్పుకోవు. మర్నాడు బంధువుల పెళ్లి, పక్కన మనుషులు, అప్పటికే ఆలస్యం. ఇవన్నీ ఉన్నప్పుడు రేపు పొద్దున్నే వెళ్దాం అనడం ఎంత కష్టమో నాకు తెలుసు.

నీ ప్లాన్‌లో నాకు నచ్చనిది ఆ ఆదివారం సాయంత్రమే. బహామాస్‌లో రాత్రిపూట వీఎఫ్ఆర్, అంటే కళ్లతో బయటికి చూస్తూ ఎగిరే పద్ధతిలో ఎగరనివ్వరు, కాబట్టి చీకటి పడకముందే అక్కడి నుంచి లేవాలి. మీరు తిరిగి వచ్చేది పడమటికి. దిగిపోతున్న సూర్యుడు సరిగ్గా కళ్లలో కొడతాడు. ఆ వెలుగులో మసక ఉంటే నీళ్లూ ఆకాశమూ ఒకే తెల్లటి గోడలా కలిసిపోతాయి. ఇలా పగలు కూడా జరుగుతుంది. పైగా వేసవిలో మధ్యాహ్నం దాటాక ఫ్లోరిడా మీద ఉరుముల మేఘాలు లేవడం రోజువారీ సంగతి. ఇంటికి వచ్చేసరికి తీరం మొత్తం మూసుకుపోయి ఉండొచ్చు. పొద్దున్నే వెళ్లు, పదకొండు గంటలకల్లా తిరుగుముఖం పట్టు. అది కుదరకపోతే రాత్రి అక్కడే ఉండి సోమవారం పొద్దున్నే రండి. కస్టమ్స్‌వాళ్లకు ఫలానా టైమ్‌కి దిగుతామని చెప్పాం కదా అని టెన్షన్ పడకు. ఫోన్ చేసి మార్చుకోవచ్చు. సోమవారం ఆఫీసు ఉందనే స్నేహితుణ్ణి ఎక్కించుకోకు. వాళ్లకు ఈ మాట శనివారమే చెప్పెయ్, దీవి మీద నిలబడి చెప్పాల్సిన పరిస్థితి తెచ్చుకోకు.

రెండోది బరువు. 2001 ఆగస్టు 25న గాయని ఆలియా, ఆమె బృందం బహామాస్‌లోని మార్ష్ హార్బర్ నుంచి సెస్నా 402లో బయల్దేరారు. విమానం లేచిన కాసేపటికే రన్‌వే చివర దాటి కూలిపోయింది. తొమ్మిది మందీ చనిపోయారు. ఉండాల్సిన గరిష్ఠ బరువు కంటే కనీసం 700 పౌండ్లు ఎక్కువ ఉందని, గరిమనాభి, అంటే విమానం మొత్తం బరువు కేంద్రం, వెనక్కి హద్దు దాటిపోయిందని దర్యాప్తులో తేలింది. ఆ విమానం నడపడానికి ఆ పైలట్‌కి అనుమతి కూడా లేదు, ఒంట్లో మద్యం, కొకైన్ ఆనవాళ్లు దొరికాయి. అంతమందీ ఎక్కి, సామాను కూడా లోపలికి చేరాక కాదనే మనిషి అక్కడ లేకపోయాడు.

నీ లెక్క నేనే వేసి చూశాను. 172ఎస్ గరిష్ఠ బరువు 2,550 పౌండ్లు. ఖాళీ బరువు విమానాన్నిబట్టి మారుతుంది కానీ 1,690 దగ్గర అనుకో. మిగిలింది 860. ట్యాంకులు నింపితే వాడుకోదగ్గ 53 గ్యాలన్ల ఇంధనానికి 318 పౌండ్లు పోతాయి. ఇక మిగిలేది 540 చిల్లర. నలుగురికి పంచితే తలా 135 పౌండ్లు, అంటే 61 కిలోలు, అదీ చేతిలో సంచి లేకుండా. దాంట్లోంచే లైఫ్ జాకెట్లు, తెప్ప కూడా రావాలి. ఇంధనం తగ్గిస్తే సరిపోతుంది కదా అంటావేమో. సముద్రం మీద ఇంధనం తగ్గించడమంటే, వాతావరణం చెడిపోతే వెనక్కి తిరిగే అవకాశాన్ని తగ్గించుకోవడమే. అందుకని ముగ్గురే వెళ్లండి. నాలుగో మనిషికి కోపం వస్తే రానీ. అందరి బరువూ నోటితో అడిగి రాసుకోకు, సంచులతో సహా తూకం మీద నిలబెట్టు.

మూడోది నువ్వు అద్దెకు తీసుకునే విమానం. సరిగ్గా నువ్వు వెళ్లాలనుకుంటున్న దారిలోనే 2005 డిసెంబర్ 19న చాక్స్ ఓషన్ ఎయిర్‌వేస్‌వారి మల్లార్డ్ సీప్లేన్ మయామీ నుంచి బిమినీకి లేచిన కాసేపటికే కుడి రెక్క ఊడి నీళ్లలో పడింది. ఇరవై మంది చనిపోయారు. 1947లో తయారైన విమానం అది. రెక్క లోపల లోహానికి అలసట పగుళ్లు వచ్చాయి. ఆ రెక్కలోంచి ఇంధనం కారడం అంతకుముందు కనబడుతూనే ఉంది. పూత పూసి ఆపారు తప్ప ఎందుకు కారుతోందో చివరిదాకా వెతకలేదు. 2007 ఆగస్టు 9న తాహితీ పక్కనున్న మూరియా దీవి నుంచి లేచిన ట్విన్ ఆటర్ కూడా అంతే. ఏడు నిమిషాల ప్రయాణం. విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ కేబుల్ అరిగిపోయి తెగింది, అక్కడా ఇరవై మంది.

నువ్వు కేబుల్ విప్పి చూడలేవు, నిజమే. కానీ విమానం లోపాలూ రిపేర్లూ రాసే టెక్ లాగ్ చదవగలవు. ఒకే ఫిర్యాదు మళ్లీ మళ్లీ రాసి, ప్రతిసారీ సరిచేశామని సంతకం పెట్టి ఉంటే ఆ విమానం తీసుకోకు. ఉప్పుగాలిలో తిరిగే విమానమైతే తుప్పు గురించి మెకానిక్‌ని నేరుగా అడుగు. ఇంకొకటి, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ కొనుక్కో. 2019 జనవరి 21న ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలాను తీసుకెళ్తున్న పైపర్ మాలిబు, ఛానెల్ దీవుల్లోని గెర్న్‌సీకి ఉత్తరాన సముద్రంలో పడింది. ఆటగాడి రక్తంలో 58 శాతం దాకా ఆ విషవాయువు ప్రభావం కనబడింది. ఎగ్జాస్ట్ వాయువు క్యాబిన్‌లోకి చేరింది. దానికి రంగు లేదు, వాసన లేదు. రాత్రి ఎగరడానికీ, డబ్బు తీసుకుని మనుషుల్ని తీసుకెళ్లడానికీ ఆ పైలట్‌కి అర్హత లేదు. నీ స్నేహితులు ఖర్చు పంచుకుంటామంటే నీ వాటా నువ్వు తప్పకుండా పెట్టు. అంతకు మించి ఒక్క డాలర్ తీసుకోకు.

ఇక ఇంజిన్ ఆగిపోతే ఏమిటన్న ప్రశ్న. ఫ్లోరిడా తీరం నుంచి బిమినీ సుమారు 45 నాటికల్ మైళ్లు. 172 ప్రతి వెయ్యి అడుగులకూ మైలున్నర గ్లైడ్ అవుతుంది. 9,500 అడుగుల మీద ఉంటే 14 మైళ్లు. అంటే అటు 14, ఇటు 14 పోను, మధ్యలో 17 మైళ్ల దూరం ఏ నేలనూ అందుకోలేవు. అది ఎనిమిది, తొమ్మిది నిమిషాలు. అదే 3,500 అడుగుల మీద వెళ్తే అందని దూరం రెట్టింపవుతుంది. అందుకని తీరం వదలకముందే నేల మీద చక్కర్లు కొట్టి ఎత్తు సంపాదించు. ఇరవై నిమిషాల పైనే పడుతుంది, ఇంధనం లెక్కలో అదీ కలుపుకో.

నీళ్లలో దిగడం అంటే చావే అని అనుకోవద్దు. 2013 డిసెంబర్ 11న హవాయిలోని మొలోకాయ్ దీవి దగ్గర, కలావుపాపా నుంచి లేచిన సెస్నా కారవాన్ ఇంజిన్ నిమిషానికే ఆగిపోయింది. పైలట్ సముద్రంలో దింపాడు. తొమ్మిది మందీ విమానంలోంచి బయటపడ్డారు. ఒక్కరే చనిపోయారు. రాష్ట్ర ఆరోగ్యశాఖ డైరెక్టర్ లోరెటా ఫడ్డీ ఆమె. భయంతో ఊపిరి మరీ వేగంగా తీయడం వల్ల గుండె లయ తప్పిందని పరీక్షలో తేలింది. ప్రయాణికులకు ఆ రోజు బయల్దేరే ముందు భద్రత గురించి చెప్పలేదు. ఈ మాట నువ్వు గుర్తుపెట్టుకోవాలి. భయం కూడా ప్రాణం తీస్తుంది. ఏం జరుగుతుందో, ఏం చేయాలో ముందే తెలిసిన మనిషికి ఆ భయం తగ్గుతుంది.

అందుకని నీ స్నేహితుల్ని కూర్చోబెట్టి చెప్పు. లైఫ్ జాకెట్ సీటు కింద పెట్టుకునేది కాదు, ఎక్కేముందే నడుముకో మెడకో కట్టుకునేది. బయటికి వచ్చేదాకా గాలి నింపకూడదు. 1996 నవంబర్‌లో హైజాక్ అయిన ఇథియోపియన్ విమానం ఇంధనం అయిపోయి కొమొరోస్ దీవుల తీరంలో పడింది. పెద్ద విమానమే అనుకో. అందులో చాలామంది జాకెట్లు లోపలే ఊదేసుకుని, నీళ్లు నిండుతుంటే పైకప్పుకి అతుక్కుపోయి బయటికి రాలేకపోయారు. నీ 172కి రెక్కలు పైన ఉంటాయి. దిగగానే క్యాబిన్ నీళ్లలోకి వెళ్లిపోతుంది, తలకిందులు కూడా కావొచ్చు. నీళ్లను తాకకముందే తలుపులు తెరిచి, మళ్లీ మూసుకుపోకుండా ఏదైనా అడ్డం పెట్టమను. ఒక చెయ్యి తలుపు చట్రం మీద ఉండగానే రెండో చేత్తో బెల్ట్ తీయాలి. పట్టు వదిలితే నీళ్లలో ఏది పైనో ఏది కిందో తెలియదు. హెడ్‌సెట్ తీగ ముందే పీకేయాలి. నువ్వు మాత్రం అలలకు ఎదురుగా కాకుండా వాటి వెంబడి సమాంతరంగా, వీలైనంత నెమ్మదిగా దింపు.

నువ్వెక్కడున్నావో సిగ్నల్ పంపే పర్సనల్ లొకేటర్ బీకన్ ఒకటి నీ జేబులో ఉండాలి, బ్యాగులో కాదు. విమానంలో ఉండేది విమానంతోపాటే మునిగిపోతుంది. 2016 జులై 22న చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తూ మాయమైన వాయుసేన ఏఎన్-32లో 29 మంది ఉన్నారు. అందులో ఎనిమిది మంది మన విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. 3,400 మీటర్ల లోతున శకలాలు కనబడ్డాయని ప్రకటించింది 2024 జనవరిలో. ఏడేళ్లకు పైగా ఆ కుటుంబాలు ఎదురుచూశాయి. 2015 జనవరిలో హవాయిలోని మావీ దీవికి వెళ్తున్న సిరస్ విమానం పైలట్ మాత్రం ఇంధనం అందడం లేదని తెలియగానే రేడియోలో చెప్పాడు. కోస్ట్‌గార్డ్ విమానం పైన తిరుగుతుండగా, తన విమానానికే ఉన్న పారాచూట్ తెరిచి నీళ్లలో దిగాడు, తెప్ప ఎక్కాడు, ఒక పర్యాటక నౌక వచ్చి ఎక్కించుకుంది. తానెక్కడున్నాడో నలుగురికీ తెలిసేలా చేసుకోవడమే అతన్ని కాపాడింది. నువ్వు కూడా దారి పొడవునా రాడార్‌లో నిన్ను కనిపెట్టుకుని ఉండే ఫ్లైట్ ఫాలోయింగ్ అడుగు. ఇంజిన్ కాస్త తేడాగా శబ్దం చేసినా మొహమాటపడకుండా అప్పుడే చెప్పు.

వెళ్లేముందు రెండు పనులు చెయ్యి తల్లీ. ఏదైనా స్విమ్మింగ్ పూల్‌లో జాకెట్ వేసుకుని దూకి, నీళ్లలో గాలి నింపి, తెప్ప మీదకు ఎక్కి చూడు. అది అనుకున్నంత తేలిక కాదు. అలాగే మొదటిసారి బిమినీకి, ఆ దారి తెలిసిన ఇన్‌స్ట్రక్టర్‌తో వెళ్లి రా. ఆ ఖర్చు నేను పెడతాను, మీ నాన్నకు చెప్పనక్కర్లేదు. ఇద్దరూ వెళ్లొచ్చాక నీ స్నేహితుల్ని తీసుకెళ్లు. విమానం ఖాళీ బరువు, మీ ముగ్గురి తూకాలు, ఇంధనం లెక్క రాసి శుక్రవారంలోగా నాకు వాట్సాప్ చెయ్యి. చూసి చెబుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న