నీళ్ల దగ్గర రోజూ వాడటానికి తుప్పు పట్టని మడత చాకు ఏది కొనాలి?

గోదావరి పాయల్లోనూ, అప్పుడప్పుడు సముద్రం ఒడ్డునా గాలం వేస్తుంటానని, స్టెయిన్‌లెస్ అని చూసి కొన్న చాకు రెండు నెలల్లోనే తుప్పు పట్టిందని, అసలు తుప్పు పట్టనిది ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. పేర్లు చెప్పే ముందు మిమ్మల్ని ఒకటి అడగాలి. ఆ తుప్పు ముందు ఎక్కడ మొదలైంది? బ్లేడు మీదా, మడత పడే కీలు దగ్గరా? కీలు దగ్గరే అయి ఉంటుందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మాకు నరసాపురం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. 2013 నుంచి నేనే చూసుకుంటున్నాను. ఆ గట్ల మీద చాకు లేకుండా ఒక్క పూట గడవదు. మేత బస్తా కుట్టు తెంపాలన్నా, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ తాడు మార్చాలన్నా, రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేకి కొత్త తాడు కట్టాలన్నా చెయ్యి ముందు జేబులోకే పోతుంది. నా మొదటి మడత చాకు కూడా మీ చాకు లాంటిదే. బ్లేడు మీద స్టెయిన్‌లెస్ అని అచ్చు, చేతికి ఇమిడే పిడి, అందుబాటు ధర. రోజూ సాయంత్రం బ్లేడును బట్టతో తుడిచి పెట్టుకునేవాణ్ని. అద్దంలా మెరిసేది.

ఒక వేసవి రాత్రి, రెండు గంటలు దాటాక, చెరువు మధ్యలో ఏరియేటర్ రెక్కలకు తెగిన నైలాన్ తాడు చుట్టుకుని మోటారు ఆగిపోయింది. రాత్రి గడిచేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ పడిపోతూ వస్తుంది. ఆ వేళప్పుడు ఏరియేటర్ ఆగితే రొయ్యలు పైకి తేలడం మొదలుపెడతాయి. కరెంటు తీయించి, తెప్ప మీద వెళ్లి, చాకు తీశాను. తెరుచుకోలేదు. గాడిలో బొటనవేలి గోరు పెట్టి బలంగా లాగితే గోరు చీలింది గానీ బ్లేడు కదల్లేదు. కాపలా అతను గట్టు మీది నుంచి కొడవలి తెచ్చి ఇచ్చేదాకా ఆ తాడు పట్టుకుని చీకట్లో కూర్చున్నాను. మర్నాడు పిడి మరలు విప్పి చూస్తే లోపలంతా ఎర్రటి పొడి. బ్లేడు మాత్రం నిక్షేపంగా ఉంది. దాన్ని పట్టి ఉంచే మేకు, దానికి అటూ ఇటూ ఉండే పలుచని బిళ్లలు, లోపలి రేకులు మామూలు ఇనుమువి. అవి తుప్పు పట్టి, ఉబ్బి, బ్లేడును బిగించేశాయి.

అప్పటి నుంచి ఏ చాకు చేతికి తీసుకున్నా నేను ముందు కీలు వైపే చూస్తాను. కుళాయి కింద పెడితే నీళ్లు ఒక వైపు నుంచి లోపలికి వెళ్లి రెండో వైపు నుంచి ధారగా బయటికి వస్తున్నాయా? పిడి వెనుక భాగం తెరిచి ఉందా, మూసేసి ఉందా? లోపల ఇనుప రేకులు ఉన్నాయా? మరలు ఏ లోహానివి? మూసేసిన పిడిలోకి చేరిన ఉప్పునీరు ఆరిపోయినా ఉప్పు అక్కడే ఉంటుంది. మళ్లీ తేమ తగలగానే పని మొదలుపెడుతుంది.

ఇక స్టీలు సంగతి. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించని పలుచని పొరగా బ్లేడును కప్పుతుంది. గీత పడినా ఆక్సిజన్ అందితే ఆ పొర మళ్లీ అల్లుకుంటుంది. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడా ఛేదించి సూది మొన అంత గుంటలు చేస్తుంది. కీలు లాంటి ఇరుకు చోట ఆక్సిజన్ సరిగా అందదు కాబట్టి చిల్లు పడ్డ పొర పూడదు. మంచి స్టీలు కూడా కీలు దగ్గరే ముందు ఓడిపోవడానికి కారణం ఇదే.

డబ్బా మీద క్రోమియం శాతం చూసి మోసపోకండి. డీ2 అనే స్టీలులో క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది, కానీ కార్బన్ కూడా 1.5 శాతం ఉంటుంది. క్రోమియంలో చాలా భాగం ఆ కార్బన్‌తో కలిసి గట్టి రేణువులుగా మారిపోతుంది. పొర కట్టడానికి మిగిలేది తక్కువ. పదును బాగా నిలుస్తుంది, పొడి చోట చక్కని స్టీలు, మన ఉప్పునీళ్లకు మాత్రం పనికిరాదు. నల్ల పూత ఉంటే తుప్పు పట్టదని దుకాణాల్లో చెబుతారు. సాన పట్టిన అంచు మీద ఆ పూత ఉండదు కదా, తుప్పు అక్కడ పడుతుంది.

కాబట్టి మీరు ఎక్కువగా తిరిగేది ఏ నీళ్ల దగ్గరో తేల్చుకోండి. నది, కాలువ, మంచినీటి చెరువు అయితే పెద్ద ఖర్చు అక్కర్లేదు. స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్ చాకు చాలు. స్టెయిన్‌లెస్ స్టీలును ఫ్రెంచిలో ఇనాక్స్ అంటారు. ఆ కంపెనీ స్థాపకుడు తన తల్లి విక్టోరియా పేరు పెట్టుకోగా, 1921లో దానికి ఈ మాట చేరి ఆ పేరు వచ్చింది. ఫ్రాన్స్‌లోని ఒపినెల్ కూడా తేలికగా, ముచ్చటగా ఉంటుంది. అందులో రెండు రకాలున్నాయి కాబట్టి ఇనాక్స్ అని ఉన్నదే తీసుకోండి, కార్బన్ రకం వద్దు. ఏ కంపెనీదైనా కర్ర పిడి నీళ్లలో నానితే ఉబ్బి బ్లేడును పట్టేస్తుందని గుర్తుంచుకోండి.

సముద్రం, ఉప్పుటేరు, రొయ్యల చెరువు అయితే లెక్క మారుతుంది. ఇక్కడ కార్బన్‌కు బదులు కొంతవరకు నైట్రోజన్‌తో గట్టిపరిచిన స్టీళ్లు కావాలి. నైట్రోజన్ కార్బన్‌లా క్రోమియాన్ని కాజేయదు. జపాన్‌లో తయారైన హెచ్1 స్టీలులో కార్బన్ 0.15 శాతమే. అమెరికా కంపెనీ స్పైడర్కో సాల్ట్ అనే వరుసలో ఆ స్టీలుతో చాకులు చేసింది. ఎల్‌సీ200ఎన్ అనేది ఇంకొకటి. ఇవి ఉప్పునీళ్లలో నిజంగా నిలబడతాయి. లారిన్ థామస్ అనే లోహ శాస్త్రవేత్త రూపొందించగా 2021లో వచ్చిన మాగ్నాకట్‌కు తుప్పును తట్టుకునే శక్తితో పాటు పదును నిలుపుకునే శక్తి కూడా ఉంది. ధర ఎక్కువే. రోజూ చేపలు కోసేవారికైతే నేను అదే చెబుతాను.

నా దగ్గర ఉన్నది హెచ్1 చాకు. మా అక్క కొడుకు అమెరికా నుంచి వస్తూ తెచ్చాడు. పిడి పసుపుపచ్చ, పూర్తిగా ప్లాస్టిక్, లోపల రేకులు లేవు. బ్లేడుకు రంపపు పళ్లున్నాయి. నున్నని అంచున్న హెచ్1 పదును త్వరగా తగ్గుతుంది. పళ్లున్నది మాత్రం తడిసిన నైలాన్ తాడు మీద జారకుండా పట్టుకుని రెండు లాగుళ్లలో తెంపేస్తుంది. పిడి రంగును తేలికగా తీసుకోకండి. నల్ల పిడి బురదలో పడితే ఇక కనిపించదు. చివర రంధ్రం ఉంటే ఒక చిన్న తాడు కట్టి నడుముకు తగిలించుకోండి. పడవలో వాడితే మొన మొద్దుగా ఉన్న బ్లేడు మంచిది, కుదుపుకు మనిషికి గుచ్చుకోదు. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునే స్ప్రింగు రకం వద్దు. అందులో ఉప్పు దాక్కునే చోట్లు మరీ ఎక్కువ, పోలీసుల అభ్యంతరం వేరే. విమానంలో ఏ చాకునూ చేతి సంచిలో పెట్టుకోనివ్వరు.

ఒక్క సంగతి చెరువుల వాళ్ల కోసం. బ్లీచింగ్ పౌడర్ బస్తా కోసిన చాకును అలాగే మడిచి జేబులో పెట్టుకోకండి. తేమ తగిలిన ఆ పొడి ఉప్పు కంటే దారుణం. దాని కోసం గట్టు మీద ఒక పాత కత్తి విడిగా ఉంచాను.

ఇప్పుడున్న చాకును పారేయాల్సిన పని లేదు. మరలు ఊడితే విప్పండి, ఊడకపోతే తెరిచి గోరువెచ్చని మంచినీళ్లలో పావుగంట ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో కీలు లోపల బాగా రుద్దండి. ధార కింద తెరుస్తూ మూస్తూ ఎర్రటి నీళ్లు ఆగిపోయేదాకా కడగండి. బ్లేడు మీది నారింజ రంగు మరక వంటసోడా ముద్దతో రుద్దితే పోతుంది. గుంట పడి ఉంటే మాత్రం పోదు. తెరిచే ఉంచి రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున్నే కీలులో రెండు చుక్కల కుట్టు మిషన్ నూనె వేయండి. కొబ్బరి నూనె వేయకండి, కొన్నాళ్లకు జిగురులా పట్టి ఇసుకను పోగు చేస్తుంది. చేపలు, పండ్లు కోసే చాకైతే మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారాఫిన్ వాడండి. తోలు సంచి ఉంటే అందులో దాచకండి, తోలు తేమను వదలదు. ఇలా చేశాక కూడా వారంలోపే కీలు మళ్లీ బిగుసుకుంటే లోపలి మేకు పోయినట్లే, అప్పుడు కొత్తది చూసుకోండి.