డిలీట్ అయిన ఫొటోలు: ఎక్కడ దొరుకుతాయి, ఎక్కడ దొరకవు

ప్రశ్న: స్టోరేజీ నిండిపోయిందని ఫోన్ పదే పదే హెచ్చరిస్తుంటే పనికిరాని వీడియోలు తీసేస్తూ, వాటితో పాటు మా పాప అన్నప్రాశన ఫొటోలు కూడా డిలీట్ చేసేశాను. ఒక రికవరీ యాప్ వేసుకుంటే అందులో ఆ ఫొటోలు కొన్ని కనిపిస్తున్నాయి గానీ, అన్నీ చిన్నవిగా, మసకగా ఉన్నాయి. డబ్బు కడితే అసలు ఫొటోలు ఇస్తానంటోంది. కట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కట్టవద్దు. ఆ యాప్ మీకు చూపిస్తున్నవి ఫొటోల థంబ్‌నెయిల్స్ మాత్రమే. గ్యాలరీ తెరవగానే వందల ఫొటోలు చకచకా కనిపించేందుకు ఫోన్ ప్రతి ఫొటోకూ ఒక చిన్న నకలు తయారుచేసి విడిగా దాచుకుంటుంది. అసలు ఫొటో పోయినా ఆ నకలు కొంతకాలం అక్కడే ఉండిపోతుంది. రికవరీ యాప్‌లు చాలావరకు వెతికి పట్టుకునేది దానినే. ఎంత డబ్బు కట్టినా అందులో లేని స్పష్టత రాదు.

ముందుగా బిన్‌లు, అంటే డిలీట్ చేసినవి కొంతకాలం నిలిచి ఉండే చోట్లు, చూడండి. శామ్‌సంగ్ ఫోన్ అయితే గ్యాలరీ యాప్‌లో మూడు గీతల మెనూ నొక్కితే రీసైకిల్ బిన్ కనిపిస్తుంది. అక్కడ ఫొటోలు 30 రోజులు ఉంటాయి. గూగుల్ ఫొటోస్‌లో కలెక్షన్స్ విభాగంలోని ట్రాష్ చూడాలి. బ్యాకప్ అయిన ఫొటోలు అక్కడ 60 రోజులు, బ్యాకప్ కానివి 30 రోజులు నిలిచి ఉంటాయి. గ్యాలరీ బిన్ వేరు, గూగుల్ ఫొటోస్ ట్రాష్ వేరు కాబట్టి, ఒకదానిలో లేవని రెండోది చూడకుండా వదిలేయవద్దు. ఐఫోన్ వాడేవారికి ఫొటోస్ యాప్‌లో రీసెంట్లీ డిలీటెడ్ ఆల్బమ్ ఉంటుంది, దాని గడువు కూడా 30 రోజులే. మీ ఫోన్లో రెండు మూడు జీమెయిల్ ఖాతాలు ఉంటే ఒక్కొక్క ఖాతాకూ మారి చూడండి, ఎందుకంటే ఫోన్ మార్చినప్పుడు కొత్త ఖాతా తెరిచి పాతదానిని మరిచిపోయినవారి ఫొటోలు ఆ పాత ఖాతాలోనే భద్రంగా ఉండడం సాధారణమే.

మీ విషయంలో నా భయమల్లా ఒక్కటే. స్టోరేజీ కోసం ఫొటోలు తీసేసినవారు ఖాళీ ఇంకా పెరగలేదని వెంటనే బిన్‌ను కూడా ఖాళీ చేస్తారు. ఫోన్లోని క్లీనర్ కూడా అదే సలహా ఇస్తుంది. మీరు అంతవరకు వెళ్ళి ఉంటే ఇక ఫోన్ లోపలి మెమరీ నుంచి ఫొటోలు తిరిగి వస్తాయని ఆశ పెట్టుకోలేము. ఆండ్రాయిడ్ 10తో విడుదలైన ఫోన్ల నుంచి ఫైళ్ళను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రహస్య రూపంలోకి మార్చి, ఉంచడం తప్పనిసరి అయింది. ఫైలు చెరిగిపోతే దానిని విప్పడానికి కావలసిన సమాచారం కూడా దానితోనే పోతుంది. పైగా మీరు వాడకుండా పక్కన పెట్టిన సమయంలో ఫోన్, డిలీట్ అయిన ఫైళ్ళున్న భాగాలు ఇక అవసరం లేదని స్టోరేజీ చిప్‌కు తెలియజేస్తుంది, చిప్ తన వీలునుబట్టి వాటిని నిజంగానే తుడిచేస్తుంది. పాత కంప్యూటర్ల హార్డ్ డిస్కుల కాలంలో పుట్టిన 'డిలీట్ చేసినా డేటా ఎక్కడికీ పోదు' అన్న మాటను నేటి ఫోన్లకు వర్తింపజేసి యాప్‌లు అమ్ముకుంటున్నారు. మీరు వేసుకున్న రికవరీ యాప్‌ను తీసేసే ముందు అన్ని ఫైళ్ళూ చూసే అనుమతి దానికి ఇచ్చి ఉంటే సెట్టింగ్స్‌లో రద్దు చేయండి.

అయినా ఒక దారి మిగిలే ఉంది. వేడుక ఫొటోలను వాట్సాప్‌లో ఎవరికో ఒకరికి పంపే ఉంటారు. ఫైల్స్ యాప్ తెరిచి ఆండ్రాయిడ్, మీడియా, కామ్.వాట్సాప్, వాట్సాప్, మీడియా, వాట్సాప్ ఇమేజెస్ అనే ఫోల్డర్ల వరుసలో లోపలికి వెళ్తే చివరన 'సెంట్' అనే ఫోల్డర్ ఉంటుంది. మీరు పంపిన ఫొటోల నకళ్ళు అందులో చేరతాయి. ఆ ఫోల్డర్ గ్యాలరీలో కనిపించకుండా వాట్సాప్ దాచి ఉంచుతుంది కనుక మీ చేతికి చిక్కకుండా మిగిలి ఉండే అవకాశం బాగానే ఉంది. వాట్సాప్ వాటిని కుదిస్తుంది కాబట్టి పెద్ద ఫ్రేమ్‌కు సరిపోకపోవచ్చు గానీ, థంబ్‌నెయిల్ కంటే ఎన్నో రెట్లు నయం. అక్కడా లేకపోతే అమ్మమ్మగారి ఫోన్, మేనమామగారి ఫోన్ అడిగి తీసుకోండి. అన్నం ముద్ద తినిపించినవారు ఆ ఫొటో అంత తొందరగా తీసేయరు.

ప్రశ్న: కెమెరాలోని మెమరీ కార్డును పొరపాటున ఫార్మాట్ చేశాను. తరవాత ఒక్క ఫొటో కూడా తీయలేదు. ఆశ ఉందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఉంది. మళ్ళీ ఏమీ తీయకపోవడమే మీరు చేసిన మంచి పని. కార్డును కెమెరా నుంచి తీసి, పెద్ద ఎస్‌డీ కార్డు అయితే దాని పక్కనున్న చిన్న లాక్ మీటను కిందికి జరిపి, కార్డు రీడర్ ద్వారా కంప్యూటర్‌కు కలపండి. ఫార్మాట్ చేయాలా అని విండోస్ అడిగితే వద్దనండి. తరవాత ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెతికించండి, పేరు ఫొటోదే అయినా అది వీడియోలనూ ఇతర ఫైళ్ళనూ వెతుకుతుంది. మామూలు ఫార్మాట్‌లో చెరిగేది ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే. ఫొటోల డేటా కార్డులోనే ఉంటుంది. కెమెరాలు మామూలుగా దాచే జేపీఈజీ రకం ఫొటో ప్రతిదీ ఎఫ్ఎఫ్ డీ8 అనే గుర్తుతో మొదలవుతుంది కనుక, ఫొటోరెక్ పట్టికతో పని లేకుండా కార్డంతా జల్లెడ పట్టి ఆ గుర్తు ఉన్న చోటల్లా ఒక ఫైలును బయటికి తీస్తుంది. దొరికినవాటిని కంప్యూటర్‌లోని ఫోల్డర్‌లోనే భద్రపరచమనండి, పొరపాటున కూడా అదే కార్డును ఎంచుకోవద్దు.

ఫైళ్ళ పాత పేర్లు రావు. 'ఎఫ్' అక్షరం పక్కన అంకెలతో కొత్త పేర్లు వస్తాయి. తీసిన తేదీ ఫొటో లోపలే నమోదై ఉంటుంది కాబట్టి దానినిబట్టి వరుసలో పెట్టుకోవచ్చు. పెద్ద వీడియోలు ముక్కలుగా నిల్వ అయి ఉంటే పాడైపోయి వస్తాయి. కెమెరాలో, కార్డంతా తుడిచేసే 'లో లెవెల్ ఫార్మాట్' ఎంచుకుని ఉంటే మాత్రం అవకాశం బాగా తగ్గిపోతుంది. ఇదే పని ఫోన్లో వాడే మెమరీ కార్డుతోనూ చేయవచ్చు. అయితే దానిని ఫోన్ అంతర్గత మెమరీగా మార్చి వాడుతుంటే అదీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, కంప్యూటర్‌లో చదవడం కుదరదు.

ప్రశ్న: గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయ్యాయి కదా అని ఫోన్లోవి తీసేస్తే క్లౌడ్‌లోనూ (గూగుల్ సర్వర్లలోనూ) మాయమయ్యాయి. ఎందుకిలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: గూగుల్ ఫొటోస్ యాప్‌లో డిలీట్ నొక్కితే ఫోన్లోని నకలు, క్లౌడ్‌లోని నకలు రెండూ ట్రాష్‌కు వెళ్తాయి. 60 రోజులు దాటకపోతే అక్కడినుంచి రిస్టోర్ చేసుకోండి. ఫోన్లో మాత్రమే ఖాళీ కావాలనుకుంటే ప్రొఫైల్ బొమ్మ నొక్కి 'ఫ్రీ అప్ స్పేస్' వాడాలి. అది బ్యాకప్ అయినవాటినే ఫోన్ నుంచి తీస్తుంది. దానికి ముందు అదే చోట బ్యాకప్ పూర్తయినట్టు ఉందో లేదో చూడండి: ఉచితంగా ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్ కూడా పంచుకుంటాయి, అది నిండగానే బ్యాకప్ ఆగిపోతుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల ఫోల్డర్‌కు బ్యాకప్‌ను మీరే విడిగా ఆన్ చేసుకోవాలి.